చెప్పినట్లు వినెడి యిల్లు

గత సంవత్సరము వేసవి సెలవులలో అమెరికానుండి మా తమ్ముడు వచ్చెను. అతడు టెక్సాసు రాష్ట్రములో డాలసు నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. పూర్వము అట్లు వచ్చువారు చాక్లెట్లును, సెంటు సీసాలును తెచ్చెడివారు. ఇతడు ఏమియు తేలేదు. "అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. అక్కడివి ఇక్కడ పనికిరావు, అన్నయ్యా" అని చెప్పి, వచ్చిన మఱునాడే ఇచటి వస్తువులనే తెప్పించెను. మాట చెప్పినంతనే వెలుగు దీపములు నాలుగు, గోడకు గ్రుచ్చెడి ప్లగ్గులు రెండు, బల్లపై నుండి మన మాట వినెడి స్పీకరు ఒకటి, కనుగ్రుడ్డువంటి కెమెరా ఒకటి. నాలుగు దినములలో వానినెల్ల మా రాజమహేంద్రవరపు పాత యింటిలో అమర్చి, నా సెల్‌ఫోనులో వానికి వలసిన యాప్‌లు నింపి, "ఇక మనది స్మార్ట్ హోమ్" అని సంతసించి, సెలవు తీఱగా తిరిగి విమానమెక్కెను.

నేను తెలుగు బోధించువాడను గాని విద్యుచ్ఛాస్త్రము నెఱిగినవాడను గాను. అయినను ఈ విషయమున నాలుగు మాటలు వ్రాయుటకు సాహసించుచున్నాను. కారణములు రెండు. మొదటిది, ఈ వస్తువులు పట్టణములలో సామాన్య గృహములకు కూడ వచ్చుచున్నవి. ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో వీని ప్రసంగము తఱచు వచ్చుచునే యున్నది. "మాస్టారూ, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలండీ?" అని నన్నడిగినవారు కొందఱు కలరు. రెండవది, ఇల్లు విద్యుత్తుచేత మాత్రమే నడచునది కాదు. అందులో ఎవరు ఎవరిని పిలుతురు, ఎవరు ఎవరిని చూతురు, ఎవరి మాట ఎవరు విందురు అను ప్రశ్నలున్నవి. అవి ఇంజనీర్లకు మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్నలు కావు.

నా అభిప్రాయమును ముందే చెప్పుదును. ఇంటికి తెలివి నేర్పుట తప్పు గాదు. కాని మనలో పెక్కుమంది దానిని తగని చోట మొదలుపెట్టుచున్నారు. నేనును అట్లే మొదలుపెట్టి, ఏడాది పొడవున పాఠము నేర్చుకొంటిని.

ముందుగా ఈ వస్తువు ఎట్టిదో తెలిసికొందము. ఎంత గొప్ప పేరు పెట్టినను ఇట్టి ఏర్పాటులో మూడే అంగములుండును: తెలిసికొనునది, నిశ్చయించునది, చేయునది. మేడమీది నీళ్ల ట్యాంకును చూడుడు. నీరు ఎంతవఱకు వచ్చినదో తెలుపు సెన్సరు మొదటిది. 'నిండినది, ఇక చాలు' అని తేల్చు చిన్నపెట్టె రెండవది. మోటారును ఆపు స్టార్టరు మూడవది. ఇస్త్రీపెట్టెలోను, ఫ్రిజ్‌లోను, గీజరులోను చిరకాలముగా నున్న ఏర్పాటు ఇదియే. కావున ఆటోమేషను మన యిండ్లకు నిన్న మొన్న వచ్చినది కాదు. క్రొత్తగా వచ్చిన మార్పు ఒక్కటే. పూర్వము ఈ మూడు అంగములును ఒకే పెట్టెలో నుండెడివి. ఇప్పుడు తెలిసికొనునది మన గదిలో నుండును; నిశ్చయించునది సముద్రముల కావల ఎవరిదో కంప్యూటరులో నుండును; చేయునది మరల మన గదిలో నుండును. ఈ వస్తువుల వలని లాభములును, చిక్కులును ఈ దూరముననే పుట్టినవి.

ఉపాధ్యాయులకు ప్రీతి గలిగించు సంగతి యొకటి కలదు. ఇట్టి పరికరములకు ఆద్యులైనవారిలో ఒకరు బడిలో పాఠము చెప్పినవారే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరి నార్మల్ స్కూలులో, అనగా ఉపాధ్యాయులను తయారుచేయు విద్యాలయములో, వారెన్ జాన్సన్ అను ఆచార్యుడుండెను. అది చలిదేశము. నేలమాళిగలోని కొలిమినుండి తరగతి గదులకు వేడి పంపెడివారు. ఏ గది ఎంత వేడెక్కినదో తెలియుటకు బడి నౌకరు మాటిమాటికి తలుపు తెఱచుకొని లోనికి వచ్చి చూచి పోవలసి యుండెను. పాఠము చెదరెడిది. ఆ చికాకునకు విరుగుడుగా జాన్సన్, గది వేడిని తానే కనిపెట్టి నేలమాళిగలోని నౌకరుకు గంట మ్రోగించి తెలుపు విద్యుత్ పరికరమును నిర్మించి, 1883లో దానికి పేటెంటు పొందెను. 1885లో మిల్వాకీ నగరమున ఆయన స్థాపించిన సంస్థయే తరువాత జాన్సన్ కంట్రోల్స్‌గా పెరిగినది. ఇందు గమనింపదగినవి రెండు. ఆయన 'ఏదో ఒక నూతన యంత్రము కావలెను' అని బయలుదేరలేదు. తన పిల్లల చదువునకు కలుగుచున్న ఒక నిర్దిష్టమైన ఆటంకముతో బయలుదేరెను. మఱియు, ఆ యంత్రము నౌకరును తొలగింపలేదు. అతనికి వలసిన కబురు మాత్రము అందించెను.

తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పుదును. 1966లో వెస్టింగ్‌హౌస్ సంస్థ ఇంజనీరైన జిమ్ సదర్లాండ్ పిట్స్‌బర్గులోని తన యింటిలో 'ఎకో ఫోర్' అను కంప్యూటరును కట్టుకొనెను. 1975లో స్కాట్లాండులోని పీకో ఎలక్ట్రానిక్స్ అను సంస్థ, ఇంటిలోని కరెంటు తీగలమీదుగనే ఆజ్ఞలు పంపెడి 'ఎక్స్-టెన్' అను పద్ధతిని కనిపెట్టెను. 2014లో అమెజాన్ సంస్థ మాట వినెడి స్పీకరును బయట పెట్టెను. ఒక సంస్థ దీపమునకు మఱొక సంస్థ మీట భాష తెలియక పోవుట పెద్ద చిక్కుగా నుండగా, 2022 అక్టోబరులో పలు సంస్థలు కలసి 'మ్యాటర్' అను ఉమ్మడి భాషను ప్రకటించినవి. క్రొత్తగా కొనువారు పెట్టెపై ఆ గుర్తు కలదేమో చూచుకొనుట మంచిది.

మన పూర్వులకు ఈ ఊహ అపరిచితము గాదు. 11వ శతాబ్దమున ధారానగర మేలిన భోజుని పేర నున్న 'సమరాంగణ సూత్రధారము'న యంత్రములకు ఒక అధ్యాయమే కలదు. ఆ శతాబ్దముననే కాశ్మీరమున సోమదేవుడు రచించిన 'కథాసరిత్సాగరము'లో కాంచీనగరపు వడ్రంగి సోదరుల కథ కలదు. అన్న ప్రాణధరుడు, తమ్ముడు రాజ్యధరుడు. ప్రాణధరుడు కొయ్యతో హంసల జంటను చేసి, దారములతో నడిపించి, రాత్రివేళ రాజుగారి కోశాగారములోనికి గవాక్షము గుండ పంపి నగలు తెప్పించుకొనెడివాడు. ఆ గుట్టు బయటపడగా సోదరులు ఆకాశయంత్రములపై పలాయనమైరి. రాజ్యధరుడు జనము లేని యొక పట్టణము చేరి, తోడు లేక, కొయ్యమనుషులను చేసి దానిని నింపెను. నరవాహనదత్తుడు అచటికి వచ్చునప్పటికి పురమంతట జనము తిరుగుచునే యున్నారు. మాట మాత్రము లేదు. అంతమందిలోను ప్రాణము గలవాడు రాజ్యధరుడొక్కడే.

వినోదార్థము చెప్పిన కథయే. కాని ఈ ఏడాదిలో నాకు కలిగిన రెండు భయములును అందే కనబడినవి. కిటికీ గుండ వచ్చి మన సొత్తు కొనిపోవు హంస ఒకటి. యంత్రముల నడుమ ఒంటరిగ మిగిలిన మనిషి రెండవది.

ఇక మా యింటి సంగతి. మాట చెప్పినంతనే వెలుగు దీపములు వారము దినములు వినోదము గూర్చినవి. తరువాత చిక్కులు బయలుదేరినవి. అట్టి దీపము పనిచేయవలెననిన గోడమీట ఎల్లప్పుడును వేసియే యుండవలెను. మా అమ్మకు 82 ఏండ్లు. గది విడుచునపుడు మీట ఆర్పుట ఆమెకు పుట్టినింటినుండి వచ్చిన అలవాటు. ఆమె ఆర్పిన వెంటనే సెల్‌ఫోనులోని దీపము 'దొరకుట లేదు' అనును. ఒక నాటి రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి వచ్చెను. వచ్చినంతనే నాలుగు దీపములును ఒక్క పెట్టున వెలిగి ఇంటిల్లిపాదిని లేపినవి. కరెంటు వచ్చినపుడు వెలుగవలెనో, ఆఱియే యుండవలెనో యాప్‌లో మనమే ఎంచుకొనవలెనని తరువాత తెలిసినది. చెప్పినట్లు వినెడి యింటికి ఎన్నెన్ని చెప్పవలెనో నాకు అప్పుడు బోధపడినది.

పొదుపు సంగతి కూడ లెక్క వేసితిని. 9 వాట్టుల ఎల్‌ఈడీ దీపమును ఆర్పుట మఱచి రాత్రి పది గంటలు విడిచినను ఖర్చగునది 90 వాట్‌అవర్లు. పదునొకండు రాత్రులు మఱచినగాని ఒక యూనిటు కాదు. మాట వినుటకై రాత్రింబవళ్లు మేలుకొని యుండు పరికరమో, ఊరకున్నప్పుడును కొంత విద్యుత్తు తినుచునే యుండును. ఒక్కొక్కటి సగటున ఒకటిన్నర వాట్టు తినుననుకొన్నచో, పది పరికరములు నెలకు 10.8 యూనిట్లు తినును. అనగా దీపమునకు పెట్టిన కాపలావారి జీతము దీపపు ఖర్చును మించును. ఇందుకు మాఱుగ, 75 వాట్టుల పాత ఫ్యాను తీసి, 30 వాట్టుల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టినచో, దినమునకు పండ్రెండు గంటల లెక్కన నెలకు 16 యూనిట్లు మిగులును. దానికి ఇంటర్నెట్టు అక్కఱ లేదు. ట్యాంకు నిండి పొంగి నీరు వీధికాలువ పాలగుటను ఆపెడి చిన్నపెట్టెకును అక్కఱ లేదు. పొదుపు కోరువాడు మొదలుపెట్టవలసినది ఈ రెంటితో. నేనో దీపములతో మొదలుపెట్టితిని.

యంత్రము మంచిదైనను కాలము మాఱినపుడు దానిని మరల పరిశీలింపకున్నచో ఏమగునో తెలంగాణ రైతుల అనుభవము చెప్పుచున్నది. పొలమునకు కరెంటు వేళగాని వేళ, విడతలు విడతలుగ వచ్చెడి దినములలో రైతులు మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకొనిరి. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరుగును. చీకటిలో పాములకును, తడిచేతి షాకులకును వెఱచుచు పోవలసిన పని తప్పినది. అది నిజముగ మేలు చేసిన యంత్రము. కాని 2018 జనవరి 1 నుండి అచట వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు మొదలుకాగా, ఆ యంత్రమే అవసరము లేని వేళలందును నీరు తోడుట మొదలుపెట్టెను. భూగర్భజలము వృథాయగుట యటుండగా, కరెంటు పోయి వచ్చినపుడు వందల మోటార్లు ఒక్క క్షణమున తిరుగుటచే ట్రాన్స్‌ఫార్మర్లపై భారము పడెను. ఆటోస్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వమును, విద్యుత్ సంస్థలును రైతులను కోరవలసి వచ్చినది. ఎవరును తప్పు చేయలేదు. నిశ్చయము యంత్రమునకు అప్పగించి, ఆ నిశ్చయము ఇంకను సరియైనదేనా యని అడుగుట మఱచితిమి, అంతే.

స్పీకరు సంగతి వేఱు. దానిని మా తమ్ముడు ఇంగ్లీషునకు అమర్చి పోయెను. ఒక సాయంకాలము అమ్మ దాని యెదుట నిలిచి, ఇంటికి వచ్చిన క్రొత్త కోడలితో పలికినట్లు, "దీపం పెట్టమ్మా" అనెను. అది తనకు అర్థము కాలేదని ఇంగ్లీషులో చెప్పెను. అమ్మ మరల అడిగెను. అది మరల అదే చెప్పెను. "నా ఇంట్లో దీపం పెట్టుకోడానికి నాకు ఇంగ్లీషు రావాలిరా?" అని ఆమె నన్ను అడిగెను. నేను ముప్పది యేండ్లుగ తెలుగు చెప్పి బ్రతుకుచున్నవాడను. నా యింటిలో నేనే యొప్పుకొని నిలిపిన వస్తువు విషయమున నాకు సమాధానము తోచలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. కొనువారు 'మా అమ్మతో మాటలాడగలదా?' యని అడుగకున్నంత కాలము అమ్మువారికి ఆ చింత ఏల కలుగును? దుకాణమున మనము మొదట అడుగవలసిన ప్రశ్నలలో ఇది యొకటి.

ఇప్పుడు కెమెరా సంగతి చెప్పవలెను. చెప్పుటకు కొంత సంకోచముగ నున్నది, ఏలయనగా ఇందు నా తప్పు కూడ కలదు.

రెండేండ్ల క్రిందట అమ్మ రాత్రివేళ స్నానాలగదిలో జాఱి పడెను. మాకు మెలకువ వచ్చువఱకు కొంతసేపు నేలపైననే యుండెను. ఎముక విరుగలేదు గాని, ఆ కబురు విన్ననాటినుండి తమ్మునికి నిద్ర లేదు. అందుచే ఆమె గదిలో కెమెరా పెట్టించెను. డాలసులో నుండి ఎప్పుడు కావలసిన నప్పుడు చూడవచ్చును. మొదట అమ్మ మురిసెను. "వాడు చూస్తున్నాడే" యని తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని, నిటారుగ కూర్చుండెను. నెల దాటినది. మధ్యాహ్నము నడుము వాల్చుట మానినది. మోకాళ్లకు నూనె రాచుకొనుట మానినది. పనిమనిషి పని ముగించుకొని ఆ గది గడపపై కూర్చుండి అమ్మతో కష్టసుఖములు చెప్పుకొనుట అలవాటు, ఆమెయు రాదయ్యెను. కారణ మడుగగా, "ఆ కన్ను నన్ను కూడా చూస్తుందండీ అయ్యగారూ?" అని నన్నే అడిగెను. ఆమెను ఎవ్వరును అడిగి పెట్టలేదు గదా!

మఱి రెండు నెలలకు ఒక రాత్రి తమ్ముడు ఫోను చేసెను. "అన్నయ్యా, అమ్మ గదిలో కెమెరా పాడైనట్టుంది. అంతా చీకటిగా ఉంది." వెళ్లి చూచితిని. కెమెరాపై అమ్మ తువ్వాలు కప్పియున్నది.

"ఎందుకమ్మా?" అంటిని.

"చూసేది వాడూ, కనపడేది నేనూనా? నేను వాణ్ణి చూడొద్దూ? వాడు ఫోన్‌లో మాట్లాడి పది రోజులైంది. అడిగితే, 'నిన్ను రోజూ చూస్తూనే ఉన్నానుగా అమ్మా' అంటాడు."

ఆ మాట నాకును తగిలినది. కళాశాలలో భోజనవిరామమున అమ్మకు ఫోను చేసి 'తిన్నావా' యని అడుగుట నాకు ఏండ్ల తరబడి అలవాటు. కెమెరా వచ్చిన తరువాత, యాప్‌ తెఱచి, ఆమె మంచముపై కూర్చుండుట చూచి, సెల్‌ఫోను జేబులో వేసికొనుచుంటిని. మానితినని నాకే తెలియకుండ మానితిని. క్షేమము తెలిసినది గదా యని మనస్సు తృప్తి పడినది. కాని నా ఫోను వలన నాకు క్షేమము తెలియుట ఒక్కటే జరుగుచుండెనా? ఆమెకు దినమునకొకమాఱు తన పేరిట గంట మ్రోగుచుండెను. దానిని నేను లెక్కలోనికి తీసికొనలేదు.

తమ్మునితో ఈ మాట చెప్పగా అతడు నొచ్చుకొనెను. "నువ్వు పక్క గదిలో ఉంటావు, నీకేం! నేనిక్కడున్నాను. ఏమైనా అయితే నాకెలా తెలుస్తుంది? నాకింకో దారి చూపించు" అనెను. అతడన్నది న్యాయమే. పిల్లలందఱును విదేశముల నుండగా తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన యిండ్లు కోస్తాలోను, తెలంగాణలోను ఎన్ని లేవు? అట్టివారికి ఈ పరికరములు విలాసములు కావు. పడినపుడు తెలుపునది, గ్యాసు పొక్కినపుడు అఱచునది, మందు వేళ గుర్తుచేయునది ఉండవలసినదే. అందుచే నేను వీనిని వలదను పక్షమువాడను గాను. నేను చెప్పునది: చూచువాని భయము ఎంత నిజమో, చూడబడువాని గౌరవమును అంత నిజము. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ముసలితల్లి కూడ ఆ హక్కు గల పౌరురాలే. గడపపై కూర్చుండు పనిమనిషియు అంతే.

గవాక్షము గుండ దూరు హంసల మాట కూడ చెప్పవలెను. 2016లో 'మిరాయి' అను దుష్ట ప్రోగ్రాము, ఇండ్లలోని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో లోబఱచుకొనెను. ఎట్లనగా, కొన్నప్పుడు వానితో వచ్చిన పాస్‌వర్డును పెక్కుమంది మార్చలేదు. ఆ యేడు అక్టోబరు 21న ఆ యంత్రముల సేనతో చేసిన దాడి వలన అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైటులు గంటల తరబడి అందకపోయినవి. ఆ యింటివారికి తమ కెమెరా అందు పాల్గొన్నదని కూడ తెలియదు. మఱొక సంగతి: 2022 ఏప్రిలులో 'ఇన్‌స్టియాన్' అను అమెరికా సంస్థ ముందు చెప్పకయే తన సర్వర్లను ఆపివేయగా, దాని వస్తువులు కొన్నవారి యాప్‌లు ఒక్క దినమున మూగవోయినవి. నిశ్చయించునది ఇంటి బయట నున్నచో, దాని ఆయువు మన చేతిలో లేదు.

కావున మొదలుపెట్టదలచినవారికి నా మాట యిది. దుకాణమునకు పోకముందు ఇంటిలో అందఱికన్న బలహీనుడెవరో వారిని అడుగుడు: 'నీకు ఈ యింటిలో ఏది కష్టముగ నున్నది?' ఆ కష్టమునకు తగిన ఒక్క వస్తువుతో మొదలుపెట్టుడు. అది చెడినను, ఇంటర్నెట్టు పోయినను, గోడమీటతో చేతిపని జరుగునట్లు చూచుకొనుడు. బోర్డులో న్యూట్రల్ తీగ కలదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపింపక స్మార్ట్ మీటలు కొనకుడు. 2000 వాట్టుల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగును. దానిని 6 ఆంపియర్ల ప్లగ్గునకు తగిలించుట ప్రమాదము. 16 ఆంపియర్లది కావలెను. తెచ్చిననాడే పాస్‌వర్డు మార్చుడు. నిశ్చయించు అంగము ఇంటిలోననే ఉండవలెనని కోరువారికి, ఓపిక యున్నచో, 2013లో మొదలైన 'హోమ్ అసిస్టెంట్' అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. ఇంటిలోని చిన్న కంప్యూటరుపై అది నడచును. కెమెరాను పడకగదిలోను, ఇంటిలోని వారికిని, పనివారికిని చెప్పకుండ ఎచటను పెట్టరాదు.

మా యింటిలో చివరకు నేను చేసినదియు ఆ ప్రశ్న వేయుటయే. ఏడాది ముందే వేయవలసినది. "నీకేం కావాలమ్మా?" అంటిని. ఆమె క్షణమైన ఆలోచింపలేదు. "రాత్రి లేచినప్పుడు చీకట్లో మీట దొరకదురా. నేను లేవగానే దీపం వెలిగితే చాలు. పడితే మిమ్మల్ని పిలవడానికో గంట. అంతే."

మా వీధి చివరి ఎలక్ట్రికల్ దుకాణములో, మనిషి ఒంటి వేడి కదలికను కనిపెట్టి వెలుగు సెన్సరు దీపములు రెండు కొంటిని. ఒకటి మంచము క్రింద, ఒకటి స్నానాలగది దారిలో. తీగ లేని కాలింగ్‌బెల్లు మీటలు రెండు: ఒకటి తలగడ ప్రక్కను, మఱొకటి స్నానాలగదిలో, పడినవారి చేతికి అందునట్లు నేలకు జానెడెత్తున. గంట మా గదిలో మ్రోగును. యాప్‌ లేదు, పాస్‌వర్డు లేదు, ఇంగ్లీషు లేదు. కెమెరాను తీసి వీధి గుమ్మమునకు, మా మెట్లు మాత్రమే కనబడునట్లు, పెట్టితిమి. తమ్ముడు బుధవారము, ఆదివారము రాత్రి భోజనవేళకు వీడియో కాల్ చేయుచున్నాడు. అచట అది ఉదయము. అతడు కాఫీ త్రాగుచుండును, ఆమె మజ్జిగన్నము తినుచుండును. ఒకరినొకరు చూచుకొందురు. నేను మధ్యాహ్నపు ఫోను మరల మొదలుపెట్టితిని.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. 2016నుండి అటల్ టింకరింగ్ ల్యాబులు చాల పాఠశాలలకు వచ్చినవి. అందు సెన్సర్లును, ఆర్డ్వినో బోర్డులును ఉన్నవి. వానితో ట్యాంకు నిండినపుడు మ్రోగు గంటను ఎనిమిదవ తరగతి పిల్లలు చేయగలరు. కాని చేయుటకు ముందు వారిచే ఒక వ్యాసము వ్రాయింపుడు. ఇంటికి పోయి అమ్మమ్మనో, తాతయ్యనో, అమ్మనో అడిగి, వారికి దినమంతయు కలుగు కష్టములను వారి మాటలలోనే వ్రాసి తెమ్మనుడు. తరువాత తరగతిలో కూర్చుండి, వానిలో యంత్రము తీర్చగలవి యెన్ని, మనిషి మాత్రమే తీర్చగలవి యెన్ని యని పిల్లలచేతనే విడదీయింపుడు. మొదటి పట్టిక సైన్సు మాస్టరుగారికి ఇండు. రెండవ పట్టికను పిల్లలు ఇంటికే తీసికొనిపోవలెను.

ఆ నాలుగు దీపములలో రెండు ఇప్పటికిని మా ముందరి గదిలో వెలుగుచున్నవి, గోడమీటతోనే వేసికొనుచున్నాము. అమ్మ గదిలో కెమెరా నుంచిన మేకు మాత్రము గోడకు అట్లే యున్నది. పీకించెదనంటిని. "ఉండనీరా, పనికొస్తుంది" అని, ఆమె దానికి తన తువ్వాలు తగిలించుకొన్నది.